వాకిటి చదువు, మేడమీది పట్టా: జూబ్లీహిల్స్ గుట్టల మీద ఒక దరఖాస్తు చరిత్ర

హైదరాబాదులో జూబ్లీహిల్స్ 46వ నంబరు రోడ్డుకు ఆచార్య జి. రాంరెడ్డి మార్గం అన్న పేరు ఉంది. ఫిల్మ్‌నగర్ స్టూడియోలకూ దుర్గం చెరువుకూ ఎంతో దూరం కాని ఈ రాతి గుట్టల మీదనే, భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయమైన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు సినిమాకు చిరునామాగా పేరుపడిన ఈ పేటలో చదువుకు సంబంధించిన చరిత్ర కూడా ఒకటి సాగుతూ వచ్చింది. చదువును ఇంటి వాకిటికి తీసుకువెళ్లాలన్న ఆశయానికీ, పరిశోధక పట్టా చుట్టూ ఒకదాని వెనుక ఒకటిగా పేరుకొన్న ప్రవేశ నియమాలకూ మధ్య దశాబ్దాలుగా నడుస్తున్న పెనుగులాటే ఆ చరిత్ర. విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకొనే ఉపాధ్యాయులు ఆ పెనుగులాటకు సరిగ్గా నడిమధ్యన నిలబడి ఉంటారు.

పీహెచ్‌డీ అన్నది డాక్టర్ ఆఫ్ ఫిలాసఫీకి పొట్టిపేరు. ఇందులో ఫిలాసఫీ అంటే తత్త్వశాస్త్రం ఒక్కటే కాదు, సమస్త జ్ఞానమూ అన్న పాత యూరోపియన్ అర్థం ఇక్కడ నిలిచిపోయింది. తెలిసిన విద్యను బోధిస్తే చాలదు, తెలియనిదాన్ని వెదికి జ్ఞానానికి చేర్పు చేయాలన్న భావనతో 1810లో మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయం ఈ పట్టాకు నేటి రూపం ఇవ్వగా, 1861లో అమెరికాలోని యేల్, 1917లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ దాన్ని స్వీకరించాయి. బడిలో జరిగే బోధన కూడా పరిశోధించదగిన విషయమేనని ఒప్పుకోవడానికి మరింత కాలం పట్టింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీ 1893లో విద్యాశాస్త్రంలో తొలి పీహెచ్‌డీ ఇచ్చింది. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో అంబేద్కర్ చేరినది ఆ కొలంబియాలోనే. ఆయన అర్థశాస్త్రంలో పరిశోధించినా, విద్యాతత్త్వవేత్త జాన్ డ్యూయీ పాఠాలు విని జీవితమంతా వాటిని తలచుకొన్నాడు. ఆయన పేరు పెట్టుకొన్న విశ్వవిద్యాలయంలో విద్య మీద జరిగే ఆలోచనకు ఇంతకన్న తగిన పూర్వరంగం ఉండదు.

భారతదేశంలో ఉపాధ్యాయ విద్య శిక్షణగా మొదలై, చాలాకాలం శిక్షణగానే మిగిలిపోయింది. తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 19వ శతాబ్ది చివర ఎల్.టి., అంటే లైసెన్షియేట్ ఇన్ టీచింగ్, అన్న పట్టా వచ్చింది. పాఠం ఎలా చెప్పాలో అది నేర్పింది గాని, పాఠం పిల్లవాడిలోకి ఎలా దిగుతుందో వెదకమనలేదు. బొంబాయి విశ్వవిద్యాలయం 1936లో ఎం.ఎడ్. ప్రారంభించి, 1943లో దేశంలోనే విద్యాశాస్త్రంలో తొలి డాక్టరేటును ఇచ్చిన తరువాత గాని ఆ ప్రశ్నకు విశ్వవిద్యాలయంలో చోటు దొరకలేదు. అప్పటినుంచి జరిగిన పరిశోధనలన్నిటినీ ఏరి కూర్చి బరోడా ఉన్నత విద్యాధ్యయన కేంద్రం తరఫున ఎం.బి. బుచ్ 1974లో వెలువరించిన సర్వే, ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి పరిశోధకుడూ తన అంశాన్ని ఇదివరకే ఎవరైనా చేశారేమో చూసుకొనే పుస్తకమైంది. దరఖాస్తుతో జతచేసే పరిశోధన ప్రతిపాదనలో పూర్వ పరిశోధనల సమీక్ష అనే భాగం తప్పనిసరి కావడానికి ఇటువంటి సంకలనాలే ఆధారం.

తెలుగునాట ఈ దారిని మలుపు తిప్పిన సంవత్సరం 1982. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1977 నుంచి ఉపకులపతిగా ఉన్న రాజనీతి శాస్త్రజ్ఞుడు రాంరెడ్డి, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, శాసనసభ చేసిన చట్టంతో ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన సంస్థకు తొలి ఉపకులపతి అయ్యాడు. ఇంగ్లండులో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ దానికి నమూనా. మొదట నాగార్జునసాగర్‌ను కేంద్రంగా పెట్టుకొన్న ఆ సంస్థ, తరువాత హైదరాబాదుకు చేరి, అంబేద్కర్ శతజయంతి సంవత్సరమైన 1991లో ఆయన పేరు పొందింది. ఇంటర్మీడియట్ గట్టెక్కని వారికి కూడా ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకోవడం, అచ్చువేసిన పాఠాలను ఇంటికి పంపడం, ఊళ్లలోని కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు నెలకొల్పి సెలవు రోజుల్లో తరగతులు నడపడం అది మొదట అనుసరించిన పద్ధతి. సామాజిక శాస్త్రాలను సామాన్యుడికి అందే తెలుగులో రాయించిన దాని పాఠ్యపుస్తకాలు, ఆ విశ్వవిద్యాలయంలో ఎన్నడూ చేరని పోటీ పరీక్షల అభ్యర్థుల బల్లల మీద కూడా కనిపిస్తాయి. ఈ గుట్టల మీద జరిగిన పనులన్నిటిలోకి ఇదే అతి విలువైనదని చెప్పవచ్చు. ఇక్కడి అనుభవంతో రాంరెడ్డి 1985లో ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టి, 1991లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘానికి, అంటే యూజీసీకి, అధ్యక్షుడయ్యాడు.

ఆయన తరువాత 1985లో ఈ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వచ్చిన సి. నారాయణరెడ్డి, ఫిల్మ్‌నగర్‌కూ పరిశోధనకూ మధ్య వారధి అనదగిన వ్యక్తి. హనుమాజీపేటలో పుట్టి ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న ఆయన, ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలూ ప్రయోగాలూ అంశంగా ఉస్మానియాలో పరిశోధించి 1962లో పీహెచ్‌డీ పొందాడు. సినిమాకు తొలిసారి పాటలు రాసిన ‘గులేబకావళి కథ’ విడుదలైనది కూడా ఆ ఏడాదే. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం కూడా ఆయనకు దక్కింది. సినిమా పేటలో డాక్టర్ అన్న బిరుదుకు రెండు దారులున్నాయని ఇక్కడ గుర్తుచేయడం అవసరం. ఒకటి గౌరవ డాక్టరేటు, అంటే జీవితకాలపు కృషిని గుర్తించి విశ్వవిద్యాలయం తానుగా పిలిచి ఇచ్చేది. అక్కినేని నాగేశ్వరరావు, నందమూరి తారక రామారావు ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి అందుకొన్న కళాప్రపూర్ణ అటువంటిది, 1953 జనవరిలో ఉస్మానియా అంబేద్కర్‌కు ఇచ్చిన డి.లిట్. కూడా అటువంటిదే. రెండవది దరఖాస్తు చేసుకొని, ఒక ప్రశ్న పట్టుకొని, ఏళ్ల తరబడి శ్రమించి సిద్ధాంత గ్రంథం సమర్పించి పొందేది. అంబేద్కర్ రెండు విధాలైన పట్టాలూ పొందినవాడు గనుక, ఒకదాన్ని మరొకదానితో పోల్చి తక్కువ చేయడం తగదు. కాని దరఖాస్తు అనేది రెండవ దారిలోనే ఉంది.

ఆ దరఖాస్తు 2009కి ముందు చాలా విశ్వవిద్యాలయాల్లో మనుషుల మధ్య నడిచే వ్యవహారం. ఎం.ఎడ్. పూర్తిచేసినవారు తమ అంశానికి దగ్గరి పనిచేస్తున్న ఆచార్యుణ్ణి కలిసి, ఆయన పర్యవేక్షకుడుగా, వాడుకలో గైడ్‌గా, ఉండటానికి ఒప్పుకొన్న తరువాత సినాప్సిస్ అనే కొద్ది పుటల పరిశోధన ప్రణాళికను సమర్పించేవారు. కొందరు ముందు ఎం.ఫిల్. చేసి, అక్కడ పండిన అంశాన్నే పీహెచ్‌డీకి తీసుకువెళ్లేవారు. ఈ పద్ధతిలో ప్రశ్నకు ప్రాధాన్యం ఉండేది. అభ్యర్థి ఏమి తెలుసుకోగోరుతున్నాడన్నది మొదటి సంభాషణలోనే తేలిపోయేది. అయితే ఆచార్యుడి గది తలుపు తట్టగల పరిచయం, ధైర్యం అందరికీ సమంగా ఉండవు. మారుమూల మండలంలో పనిచేస్తూ, కుటుంబంలో తొలి పట్టభద్రురాలైన ఉపాధ్యాయురాలికి ఆ గది దాకా దారి చూపేవారు ఎవరూ లేరన్నది ఆ పద్ధతిలోని పెద్ద లోపం, దాన్ని మెచ్చుకొనేవారు తరచు మరచే లోపం.

యూజీసీ 2009 జూలైలో తెచ్చిన కనీస ప్రమాణాల నిబంధనలు ప్రవేశ పరీక్షనూ, ప్రవేశం పొందినవారు పరిశోధన పద్ధతులు నేర్చుకొనే కోర్స్‌వర్క్‌నూ తప్పనిసరి చేసి, దూరవిద్య ద్వారా పీహెచ్‌డీని నిషేధించాయి. నాణ్యత దృష్ట్యా ఆ నిషేధానికి కారణాలు లేకపోలేదు. అయినా వాకిటికి చదువు తెస్తామన్న జూబ్లీహిల్స్ విశ్వవిద్యాలయానికి అది ఒక విచిత్రమైన స్థితి కల్పించింది: డిగ్రీనీ పీజీనీ దూరం నుంచి చదివించే సంస్థ, పరిశోధన దగ్గరికి వచ్చేసరికి మిగిలిన విశ్వవిద్యాలయాల మాదిరిగానే నోటిఫికేషన్ ఇచ్చి, ప్రవేశ పరీక్ష పెట్టి, నియత విధానంలో విద్యార్థులను చేర్చుకోవలసి వచ్చింది.

ఆ తరువాతి పదిహేనేళ్ల చరిత్ర పరీక్షకూ సంభాషణకూ మధ్య తూకం ఇటూ అటూ ఊగిన చరిత్ర. 2016 మే నిబంధనల్లో రాతపరీక్ష 50 శాతం మార్కులతో గట్టెక్కవలసిన గడప మాత్రమే అయి, ఎంపిక మౌఖిక పరీక్ష మీద ఆధారపడింది. ఎదుట కూర్చున్నవారి ఇష్టానిష్టాలకు నిరుపేద, దళిత, గిరిజన విద్యార్థులు బలవుతారని దేశమంతటా ఆందోళన రేగగా, 2018లో చేసిన సవరణ రాతపరీక్షకు 70, మౌఖికానికి 30 శాతం కేటాయించింది. 2022 నవంబరు నిబంధనలు ఎం.ఫిల్.ను ఎత్తివేసి, పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు పెట్టి, మహిళలకూ వికలాంగులకూ మరో రెండేళ్ల సడలింపు ఇచ్చాయి. ఒక ఆచార్యుడి కింద ఎనిమిది మంది, సహ ఆచార్యుడి కింద ఆరుగురు, సహాయ ఆచార్యుడి కింద నలుగురు మించి పరిశోధకులు ఉండరాదన్న హద్దు వల్ల, ఎంత మంచి ప్రతిపాదన తెచ్చినా ఖాళీ లేక వెనుదిరగవలసి రావచ్చు. 2024 మార్చిలో యూజీసీ మరో అడుగు వేసి, విశ్వవిద్యాలయాలు విడివిడిగా పరీక్షలు పెట్టే బదులు జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్ మార్కులనే ప్రవేశానికి వాడుకోవచ్చని ప్రకటించింది. ఫెలోషిప్‌కు ఎంపిక కానివారికి అందులోనూ నెట్‌కు 70, మౌఖికానికి 30 అన్న తూకమే నిలిచింది.

ఒకే పరీక్షతో అన్ని విశ్వవిద్యాలయాల తలుపులూ తట్టవచ్చునన్నది ఊరట కలిగించే మాటే. కాని విద్యాశాస్త్రపు నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి, తెలుగులో పాఠం చెబుతూ, ఈ విశ్వవిద్యాలయం అచ్చువేసిన తెలుగు పుస్తకాలతోనే పట్టభద్రులైన ఉపాధ్యాయులు, తమ వృత్తి గురించిన పరిశోధనలో కాలు పెట్టడానికి తమ వృత్తి నడవని భాషలో గట్టెక్కవలసి వస్తున్నది. ఉర్దూలో చదువుకొన్న నారాయణరెడ్డి తెలుగు పరిశోధన గ్రంథంతో డాక్టరేటు పొందిన నగరంలో ఇది బాధ కలిగించే సంగతి. ఉద్యోగంలో ఉన్నవారికి మరొక కాగితం కూడా కావాలి: పార్ట్‌టైమ్‌గా పరిశోధన చేయడానికి తగిన సమయం ఇస్తామనీ, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం విధుల నుంచి విడుదల చేస్తామనీ పై అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం, వాడుకలో ఎన్.ఓ.సి. ఒకరిద్దరు ఉపాధ్యాయులతో నడిచే బడిలో పనిచేసేవారికి పరీక్షలో నెగ్గడం కన్న ఆ కాగితం సంపాదించడమే కష్టం.

అన్నీ సమకూరి మౌఖిక పరీక్షకు పిలుపు వస్తే, అక్కడ తేల్చవలసినవిగా 2016 నిబంధనలు చెప్పినవి మూడు: అభ్యర్థికి ఆ పరిశోధన చేసే శక్తి ఉందా, ఆ సంస్థలో దాన్ని చేయడానికి వీలుందా, దానివల్ల కొత్త జ్ఞానం సమకూరుతుందా. మూడవదానికి జవాబు చెప్పడంలో బడిపంతులుకు సాటి వచ్చేవారు తక్కువ. అక్షరాలన్నీ తడుముకోకుండా చదివే అయిదో తరగతి పిల్లవాడికి వాక్యం అర్థం కాకపోవడం ఎందుకో, ఇంట్లో గోండీ గాని లంబాడీ గాని మాట్లాడే పిల్లకు బడిలో మొదటి రోజు తెలుగు ఎలా వినిపిస్తుందో, ఏ గ్రంథాలయంలోనూ దొరకని ఆ సంగతులు వారి దగ్గర ఏళ్ల తరబడి పోగుపడి ఉంటాయి. ఆ ప్రశ్న వినిపించడానికి ఇప్పుడు నూటిలో వారికి మిగిలినవి 30 మార్కులు.