మా ఇంటి కల్లు గుత్త దస్తరం

మా చిన్నాయన కొడుకు బెంగళూరులో ఉంటాడు. పోయిన సంక్రాంతికి తోరణగల్లు వస్తూ కారు డిక్కీలో ఒక స్టీలు పీపా తెచ్చాడు. కెగ్ అంటారట, 19 లీటర్లు పడుతుంది. ఇంట్లోనే బీరు కాయాలని వాడి ఆశ. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే అందులోని పిండి చక్కెర అవుతుంది. ఆ నీళ్లలో హాప్స్ వేసి మరగకాచి, చల్లార్చి, ఈస్టు కలిపి రెండు వారాలు పులియబెట్టాలి. ఆ తర్వాత కెగ్గులో పోసి గ్యాసు ఎక్కించాలి. అంతా విని మా అవ్వ, "ఇంత కష్టం దేనికిరా? ఈత చెట్టుకు కుండ కడితే తెల్లారేసరికి అయిపోతుంది కదా" అంది.

అవ్వ మాట నిజమే. ఈత నీరాలో చక్కెర ముందే ఉంటుంది, బార్లీలాగా పిండిని కరిగించే పని లేదు. ఈస్టు కొనే పనీ లేదు, అది కుండకే అంటుకుని ఉంటుంది. కారిన మొదటి బొట్టు నుంచే పులుపు మొదలు. ఒక రోజు ఆగితే ఇంచుమించు బీరంత మత్తు, ఇంకా ఆగితే పులిసి పులిసి వెనిగర్. తియ్యగానే ఉండాలంటే కుండ లోపల సున్నం పూయాలి. ఇక పీపా సంగతి. మేకతోలు తిత్తిలో కల్లు నింపుకొని భుజాన వేసుకొని ఊళ్లు తిరిగినవాళ్లకు స్టీలు కెగ్గు కొత్తేమీ కాదు.

కానీ కర్ణాటకలో ఆ కెగ్గూ నేరమే, ఈ కుండా నేరమే. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేయకూడదు. అమెరికాలో ఉన్న మా బంధువులు దీనికి నవ్వుతారు. అక్కడ 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల బీరు పన్ను లేకుండా చేసుకోవచ్చు. మరి ఇక్కడ కుండ ఇంటి చేతిలోంచి ఎప్పుడు పోయింది? ఆ జవాబు వెతకబోతే మా ఇంటి అటక మీదే దొరికింది. అందుకే ఇది రాస్తున్నాం.

ఈ పేజీల్లో ఇదివరకు "ముత్తాత వ్యాపారం మీద రాయదుర్గం వైపు నుంచి వచ్చారు" అని రాశాం. ఏ వ్యాపారమో రాయలేదు. ఆయన కల్లంగడి గుత్తేదారు. (బళ్లో కన్నడ మేష్టరు తోరణ ప్లస్ కల్లు, తోరణగల్లు, ఆదేశ సంధి, కల్లు అంటే రాయి అని చెప్పినప్పుడు మేము ముసిముసిగా నవ్వుకునేవాళ్లం. మా ఇంటి కల్లు వేరే అని అప్పటికే చెవిన పడింది.) ఆయన వలస వచ్చాడని కూడా అనలేం. 1882లో అనంతపురాన్ని విడదీశాక కూడా రాయదుర్గం బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఒకే జిల్లాలో ఒక మూల నుంచి ఇంకో మూలకు వచ్చారు, అంతే. 1953 అక్టోబరు 1న రాయదుర్గం ఆంధ్రకు, ఇది మైసూరుకు పోయాక మేము "బయటివాళ్లం" అయ్యాం.

గుత్త ఎలా నడిచేదంటే, 1886 మద్రాసు అబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే సారా కాయకూడదు, కల్లు చెట్టు గీయకూడదు. చెట్టు నీ పొలంలోదే కావచ్చు, నీ తాత నాటిందే కావచ్చు. గీసే ప్రతి చెట్టుకూ పన్ను, ప్రతి చెట్టుకూ నంబరు. అంగడిని వేలం వేసేవారు, పాట ఎక్కువ పాడినవాడికి గుత్త. సర్కారుకు రూకలు ముందే ముట్టేవి. గుత్తేదారు వాటిని గీసేవాళ్ల దగ్గరా, తాగేవాళ్ల దగ్గరా రాబట్టుకోవాలి. ఎవరింట్లో వాళ్లు కుండ కట్టుకుంటే అంగడికి ఎవరు వస్తారు? అందుకే దొంగ కుండ కనిపిస్తే అబ్కారీ జవాను కంటే ముందు గుత్తేదారే పరుగెత్తేవాడు.

మా దస్తరంలో ఇదంతా ఉంది. తెలుగు అక్షరాలు, గొలుసుకట్టు రాత. మేము చదివింది కన్నడ మీడియం కాబట్టి విడదీసి చదవడానికి నెలలు పట్టింది, అవ్వ పక్కన కూర్చొని సాయం చేసింది. చెట్ల నంబర్లు, గీసేవాళ్ల పేర్లు, ప్రతి పేరు పక్కనా బాకీ. బాకీ లేని పేరు ఒక్కటీ కనపడలేదు. ఒక పేజీలో మాత్రం లెక్క కాకుండా ఒక వాక్యం ఉంది: ఫలానా ఈడిగాయన కూతురి పెళ్లికని సొంత చెట్టుకు కుండ కట్టాడు, ఫిర్యాదు ఇచ్చాము, జుల్మానా పడింది. ఫిర్యాదు ఇచ్చింది మా ముత్తాత. అది చదివి అవ్వ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. ఆ రోజుకు చాలన్నది.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఇంకోటి ఉంది. గాంధీగారి మాట విని ముత్తాత అంగడి మూసేశాడని. రాజాజీ 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టాడు. పోయిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికే 1939లో అమ్మకం పన్ను తెచ్చాడు. 1948 అక్టోబరు 2 నాటికి నిషేధం ప్రెసిడెన్సీ అంతటికీ వచ్చేసింది. మా దస్తరంలో చివరి లెక్క సరిగ్గా చట్టం మా జిల్లాకు వచ్చిన నెలది. గాంధీగారి మాట వినడానికి ఆయనకు అంతకు ముందు చాలా ఏళ్లు టైముండింది. మిగిలిన ఖాళీ పేజీల్లో తర్వాత పాల లెక్కలు రాశారు.

ఆ తరువాతి కథ అందరికీ తెలిసిందే. మైసూరు రాష్ట్రంలో 1967లో నిషేధం ఎత్తేశారు, అంగళ్లు మళ్లీ వచ్చాయి, మా వాళ్లు మాత్రం అటు పోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1995లో ఆంధ్ర మొత్తం ఎండిపోయింది. ఆ రెండేళ్లూ సరిహద్దు దాటి ఈ వైపు ఎందుకు వచ్చేవాళ్లో చెప్పనక్కర్లేదు. కర్ణాటకలో 2004లో దక్షిణ కన్నడ, ఉడుపి తప్ప మిగతా చోట్ల కల్లు ఆపేశారు, 2007 జూలై 1న సారాయి కూడా. కల్తీ కల్లు, సారా ఎన్ని ఇళ్లు కూల్చాయో మేమూ చూశాం, ఆ ఆడవాళ్లది తప్పని మేము అనం. అయితే పెళ్లికి కట్టిన ఒక కుండను, వేలంపాటలో కొన్న అంగడిని చట్టం ఏనాడూ ఒకే కంటితో చూడలేదు. అంగడికి గుత్త ఉంది, కుండకు జుల్మానా ఉంది.

జుల్మానా కట్టినాయన మునిమనవడు ఇక్కడే ఉన్నాడు, ఉక్కు ఫ్యాక్టరీలో పని. ఇది రాసేముందు ఆ పేజీ తీసుకెళ్లి చూపించాం. పేరు వేయొద్దన్నాడు, మిగతాది రాసుకోమన్నాడు. వాళ్లింట్లో ఆ పెళ్లి సంగతి తెలుసు, ఫిర్యాదు ఎవరిచ్చారో మాత్రం తెలియదు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రాన్నా, చూపిస్తా" అని వంక పక్కకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక ముసలి ఈత చెట్టు ఉంది. పెళ్లినాటి చెట్టు కాదు, దాని పిలక కావచ్చంటాడు. ఈత చెట్టును ఒక ఏడు ఒక వైపు గీస్తే, మరుసటి ఏడు అవతలి వైపు గీస్తారు. అందుకే మాను వంకరటింకరగా మెట్లుమెట్లుగా ఉంటుంది, ఎన్నేళ్లు గీశారో లెక్కపెట్టొచ్చు. ఇద్దరం కింది నుంచి లెక్కపెడుతూ పోయాం. మెట్లు ఒకచోట ఆగిపోయాయి. అక్కడి నుంచి పైకి మాను నున్నగా, నిటారుగా పోయింది.