పిడికెడు పళ్లెంలో ప్రపంచం: ఒక తిండి పండుగ పూర్వాపరాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు అమెరికా యాత్ర గురించి ఏదైనా వ్రాయమని సంపాదక మిత్రులు కోరారు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి వచ్చిన పెన్షనర్లు మనలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. నయాగరా జలపాతం, స్వేచ్ఛా విగ్రహం మనకు కొత్త కావు. అందుచేత వాటి జోలికి పోకుండా, 2018 శరదృతువులో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఆర్లాండో దగ్గర నేను చూసిన ఒక తిండి పండుగను గురించీ, దాని వెనుక ఉన్న చరిత్రను గురించీ మనవి చేస్తాను. ఎక్సైజు శాఖలో ముప్పై మూడేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి గనుక మద్యం ప్రస్తావన కొంచెం ఎక్కువగా వస్తే సభ్యులు మన్నించాలి.

ఏమిటీ పండుగ?

డిస్నీ కంపెనీ వారి వినోద నగరంలో ఎప్కాట్ అనే ఉద్యానం ఒకటి. అందులో ఒక పెద్ద కొలను. దాని చుట్టూ సుమారు రెండు కిలోమీటర్ల బాట. ఆ బాట వెంట మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్సు, ఇంగ్లండు, కెనడా అని పదకొండు దేశాల పేర శాశ్వత మండపాలు. ప్రతి మండపం ఆ దేశపు కట్టడాల నమూనాలో ఉంటుంది. 1996లో ఇక్కడ అంతర్జాతీయ ఆహార, మద్య ఉత్సవం మొదలుపెట్టారు. తొలిసారి నెల రోజులు జరిగినది, నేను చూసిన ఏడాదికి 75 రోజుల జాతర అయింది. ఆ రోజుల్లో బాట పొడవునా, మండపాలు లేని దేశాల పేర కూడా చిన్న చిన్న స్టాళ్లు వెలుస్తాయి.

ఒక్కొక్క స్టాలులో రెండు మూడు వంటకాలు, రెండు మూడు రకాల పానీయాలు. అన్నీ నాలుగు ముద్దల పరిమాణమే. ధర మాత్రం ముద్దల లెక్కన లేదు. అప్పట్లో ఐదు నుండి తొమ్మిది డాలర్ల వరకూ, అంటే మన లెక్కలో మూడు వందల యాభై రూపాయలకు తక్కువ కాదు. జీతంలో ప్రతి రూపాయికీ పద్దు వ్రాసుకున్న మన తరానికి అక్కడ నాలుక కంటే ముందు మనసే కరుస్తుంది. గేటు దగ్గర పాస్‌పోర్టు అని ఒక చిన్న పుస్తకం ఉచితంగా ఇస్తారు. ఏ దేశపు స్టాలుకు వెళితే ఆ దేశపు ముద్ర అందులో వేయించుకునే వీలు అప్పట్లో ఉండేది. మా మనవడికి తిండి కంటే ఆ ముద్రల మీదే ధ్యాస.

బెల్జియం వారి వాఫుల్ తిన్నాను. గళ్లు గళ్లుగా కాల్చిన తీపి అట్టు అనుకోవచ్చు. మొరాకో వారి బక్లావాలో పిండి పొరలు ఎంత పలుచనంటే మన ఆత్రేయపురం పూతరేకులు గుర్తుకొచ్చాయి. బ్రెజిల్ వారి జున్ను రొట్టె కర్రపెండలం పిండితో చేస్తారు. సామర్లకోట ప్రాంతంలో సగ్గుబియ్యం మిల్లులు చూసినవారికి కర్రపెండలం మన దుంపే అనిపిస్తుంది. నిజానికి దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాయే. పోర్చుగీసు ఓడలెక్కి మన దేశం చేరింది. ఎవరి తిండి ఎవరిదో తేల్చడం అంత తేలిక కాదని అక్కడే తెలుస్తుంది.

ఊరు కట్టబోతే ఉత్సవమైంది

వాల్ట్ డిస్నీ మొదట సంకల్పించినది ఉద్యానం కాదు. ఇరవై వేల మంది నివసించే నిజమైన ఆదర్శ నగరం కట్టాలని ఆయన ఆలోచన. ఆ పనికి పునాది పడక ముందే, 1966 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. ఆయన తరువాతి వారు నగరం ఆలోచన వదులుకుని, శాశ్వతంగా ఉండే ప్రపంచ ప్రదర్శనశాల వంటిది కట్టి 1982 అక్టోబరు 1న తెరిచారు. మొరాకో మండపం 1984లో, నార్వే మండపం 1988లో చేరాయి.

ప్రపంచ ప్రదర్శనశాల అన్న మాట ఊరికే వాడలేదు. 1964-65లో న్యూయార్కులో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు డిస్నీ సంస్థ నాలుగు వినోద ప్రదర్శనలు తయారుచేసి ఇచ్చింది. బెల్జియం వాఫుల్‌ను అమెరికాలో ఇంటింటి మాటగా చేసినది కూడా ఆ ప్రదర్శనే. అంటే నేను ఎప్కాట్‌లో తిన్న వాఫుల్‌కూ, ఎప్కాట్‌కూ బంధుత్వం ఉన్నదన్నమాట. ఆ వంశవృక్షం వేళ్లు వెదుక్కుంటూ పోతే లండన్ నగరం చేరతాము.

1851: ఒక వంటవాడి సాహసం

1851లో లండన్ హైడ్ పార్కులో గాజు మేడ కట్టి అన్ని దేశాల వస్తువులతో మహా ప్రదర్శన పెట్టారు. అరవై లక్షల మందికి పైగా సందర్శించారు. ఆ ప్రాంగణంలో మద్యం నిషిద్ధం. ఫలహారాల కాంట్రాక్టు ష్వెప్స్ కంపెనీకి దక్కింది. సోడా, నిమ్మ పానీయం వంటివి పది లక్షల సీసాలకు పైగా అమ్ముడుపోయాయి.

ప్రపంచంలోని వస్తువులన్నీ ఒక చోట చేర్చారు కదా, మరి ప్రపంచంలోని తిండి మాటేమిటి? ఈ ప్రశ్న తోచినవాడు అలెక్సిస్ సోయర్. ఫ్రాన్సులో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న పాకశాస్త్ర ప్రవీణుడు. పార్కు పక్కనే ఉన్న గోర్ హౌస్ అనే భవనాన్ని అద్దెకు తీసుకుని సకల దేశాల విందుశాల ఏర్పాటు చేశాడు. గది గదికీ ఒక దేశపు అలంకారం, పలు దేశాల వంటకాలు. జనం వచ్చారు గానీ లెక్క కుదరలేదు. ఏడు వేల పౌన్ల నష్టంతో మూతపడింది.

ఈ సోయర్‌ను విందుల వంటవాడిగా మాత్రమే తలచుకోవడం న్యాయం కాదు. అంతకు నాలుగేళ్ల ముందు, 1847లో, ఐర్లండును కరువు కబళిస్తున్నప్పుడు డబ్లిన్ నగరంలో గంజి కేంద్రం పెట్టి వేలాది మందికి సూపు పోయించినవాడు ఆయనే. ఆకలి చూసిన చేతులే సకల దేశాల విందూ వడ్డించాయి. ఆ విందుశాల స్థలంలో ఈనాడు రాయల్ ఆల్బర్ట్ హాలు ఉన్నది.

పారిస్ నుండి సెయింట్ లూయిస్ వరకు

ఫ్రెంచి వారు ఊరుకుంటారా? 1855లో పారిస్‌లో తమ ప్రదర్శన పెట్టారు. దానికోసం మూడవ నెపోలియన్ చక్రవర్తి బోర్డో ప్రాంతపు మద్యాలకు తరగతులు నిర్ణయించమన్నాడు. అక్కడి దళారులు ఏళ్ల తరబడి బజారులో పలికిన ధరలను బట్టి ఎర్ర వైన్లను ఐదు తరగతులుగా విడదీశారు. మన సర్వీసు రిజిస్టర్లలో సీనియారిటీ జాబితా వంటిదే. ఆ జాబితా నేటికీ చలామణిలో ఉంది. ప్రసిద్ధమైన ప్రమోషను 1973లో ఒక్కటే: షాటో మూతోన్ రోత్‌షీల్డ్ రెండవ తరగతి నుండి మొదటి తరగతికి ఎక్కింది. నూట పద్దెనిమిదేళ్లకు ప్రమోషను అంటే మనవాళ్లు ఎవరైనా నిట్టూరుస్తారు.

1867 పారిస్ ప్రదర్శనలో భవనం వెలుపలి అంచు చుట్టూ పలు దేశాల భోజనశాలలు ఉండేవి. ఒక చుట్టు తిరిగి వస్తే దేశాలన్నీ తిన్నట్టే. ఎప్కాట్ కొలను చుట్టూ ఉన్న బాటను చూస్తే ఆ పోలిక తోచకమానదు.

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రదర్శనలో మన దేశపు పేరు కూడా వినబడింది. భారతదేశపు టీకి గిరాకీ పెంచడానికి రిచర్డ్ బ్లెకిండెన్ అనే అధికారిని పంపారు. ఎండలకు వేడి టీ ఎవరూ తాగకపోతే ఆయన అందులో మంచు వేసి ఇచ్చాడనీ, ఐస్ టీ అలా పుట్టిందనీ అక్కడ కథగా చెప్పుకుంటారు. అంతకు ముందే అమెరికన్ వంట పుస్తకాలలో చల్లని టీ ఉన్నది గనుక పుట్టించాడనడం సరికాదు, ప్రచారం కల్పించాడనవచ్చు. ఒక్కటి మాత్రం గమనించాలి. టీ ఆకు కోసినది మన కూలీలు, అమ్మకానికి పెట్టినది తెల్లవారి కంపెనీలు. ప్రదర్శనలో రుచి కనబడుతుంది, చెమట కనబడదు.

గ్లాసు ఉండాలా, వద్దా?

ఇక నా శాఖకు సంబంధించిన సంగతి. ఎప్కాట్‌లో మొదటి నుండీ మద్యం అమ్ముతున్నారు. కానీ పక్కనే, అదే కంపెనీ వారి మ్యాజిక్ కింగ్‌డమ్ ఉద్యానంలో 1971లో తెరిచింది మొదలు 2012 వరకు సందర్శకులకు మద్యం అమ్మలేదు. పిల్లాపాపలతో వచ్చే చోట మద్యం కూడదని డిస్నీ నియమం. ఆ నియమాన్నే 1992లో పారిస్ దగ్గర తెరిచిన ఉద్యానంలోనూ పెట్టారు. ఫ్రెంచి వారు మండిపడ్డారు. భోజనంతో పాటు గ్లాసుడు వైను వారికి మన మజ్జిగ వంటిది. మరుసటి ఏడాది, 1993లో, కంపెనీ దిగివచ్చి వైను అనుమతించింది.

అదే 1993లో మన రాష్ట్రంలో జరిగినది సభ్యులకు గుర్తుండే ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు రాజేసిన సారా వ్యతిరేక ఉద్యమం 1992 నాటికి జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు నుండి రాష్ట్రమంతటా సారా బందు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు. ఎప్కాట్‌లో ఈ మద్య ఉత్సవం మొదలైన 1996లో నేను ఇక్కడ చెక్‌పోస్టు దగ్గర లారీల్లో సీసాలు వెదుకుతున్నాను. అంతకు ముందు నెల్లూరు జిల్లాలో పనిచేసినప్పుడు సారా ప్యాకెట్ల వేలం పాటలూ చూశాను, ఆ పాట డబ్బు ఏ ఇళ్ల గిన్నెల్లోంచి వచ్చేదో కూడా చూశాను. కూలి డబ్బులు సాయంత్రానికి ప్యాకెట్టుకు పోతే పొయ్యి వెలగని గుడిసెలు నాకు తెలుసు.

అందుచేత ఎప్కాట్‌లో వైను స్టాళ్ల ముందు నిలబడి, ఇది సంస్కృతి ఎలా అయింది, అది సర్వనాశనం ఎలా అయింది అని ఆలోచించాను. నాకు తోచినవి నాలుగు కారణాలు. ఒకటి, కొలత: గ్లాసులో పోసేది కొద్దిగా. రెండు, తోడు: పక్కన తిండి ఉంటుంది. మూడు, తాగేవాడి జేబు: ఖాళీ కడుపుతో, ఖాళీ జేబుతో ఉన్నవాడు అక్కడికి రాడు. నాలుగు, తనిఖీ: ఇరవై ఒకటో ఏడు నిండనివారికి అమ్మరాదని 1984 చట్టంతో ఆ దేశమంతటా రూఢి అయింది. తల పూర్తిగా నెరిసిన నన్ను కూడా అసలు పాస్‌పోర్టు చూపమన్నారు. నాకు ముచ్చటేసింది. అయితే అక్కడంతా నిగ్రహమే అనుకోరాదు. పదకొండు దేశాల్లోనూ ఒక్కొక్క గ్లాసు తాగి ప్రపంచం చుట్టివచ్చామనే కుర్రకారు చీకటి పడేసరికి బెంచీల మీద ఒరిగి ఉండడం కూడా చూశాను. కొలత తప్పితే ద్రాక్షరసమైనా సారాయే.

"మావయ్యగారూ, ముప్పై మూడేళ్లు శాంపిల్ సీసాలకు లక్క ముద్రలు వేశారు. ఒక్క గుటక రుచి చూడండి" అన్నాడు మా అల్లుడు. మా ఆవిడ నవ్వుతూ మొహం తిప్పుకుంది. ఒక గుటక పుచ్చుకున్నాను. పచ్చి నేరేడు పండు వగరు, వెనుక కాస్త పులుపు. ఒకటి చాలనిపించింది.

పేరులో ఏమున్నది?

1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే మద్య వ్యాపారి ఒక పరీక్ష పెట్టాడు. సీసాల పేర్లు దాచిపెట్టి ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లు కలిపి ఫ్రెంచి నిపుణుల చేతనే రుచి చూపించాడు. ఎరుపులోనూ తెలుపులోనూ ప్రథమ స్థానం కాలిఫోర్నియాకే వచ్చింది. పేరు చూసి మార్కులు వేసే అలవాటు నాలుకకు కాదు, మనకు ఉంటుందని ఆనాడు రుజువైంది.

ఎప్కాట్‌లో మన దేశానికి శాశ్వత మండపం లేదు. పండుగకు మాత్రం ఇండియా స్టాలు పెట్టారు. మా ఆవిడ శాకాహారి, గుడ్డు కలిసినది కూడా ముట్టదు. మా అమ్మాయి స్టాలు స్టాలుకూ వెళ్లి కనుక్కుని రాగా, ఆవిడ వరుసకు వచ్చినది అక్కడి మద్రాసు రెడ్ కర్రీ. కాలీఫ్లవరు, చిన్న క్యారట్లు, శనగలు, బాస్మతి అన్నం. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో పుట్టిన ఆవిడ రెండు ముద్దలు తిని, "బాగానే ఉంది, కానీ ఇది మద్రాసులో ఎక్కడ చేస్తారో ఆ వంటాయన్ని అడుగు" అన్నది. అడగక్కరలేదు. మద్రాసు కర్రీ అనేది దొరలు డబ్బాల మీద అచ్చువేసిన పేరు. ఇంగ్లండులో ఆ మాటకు ఊరితో పని లేదు, కారం ఎక్కువ అని అర్థం.

దానికి కోపగించుకోనవసరం లేదు. మన హోటళ్లలోని గోబీ మంచూరియాను చూసి మంచూరియా వారు ఏమనుకోవాలి? ఇరుగుపొరుగు తిండిని మొదట తప్పు పేరుతోనే పిలుస్తాము, పరిచయం పెరిగాక పేరు సరిదిద్దుకుంటాము. పరిచయానికి పెద్ద విస్తరి అక్కరలేదు, నాలుగు ముద్దల పళ్లెం చాలు. ఒకరి వంట ఒకరు ముట్టని రోజులను మన తరం కళ్లారా చూసింది. ఒకే ఊళ్లో పక్క వీధి ఇంట మంచినీళ్లు తాగని మనం, సముద్రాలు దాటి మొరాకో వారి తీపిని వేలు నాకి తిన్నాము. సోయర్ నష్టపోయిన ఏడు వేల పౌన్లు వృథా పోలేదని నా అభిప్రాయం.

పిల్లల దగ్గరకు వెళ్లే సభ్యులకు వీలైతే ఈ పండుగ చూడమని చెబుతాను. కాళ్ల నొప్పులున్నవారు చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోవచ్చు, ఎండకు గొడుగు, టోపీ మరువవద్దు. మద్యం ముట్టకపోయినా లోటేమీ ఉండదు. పళ్లెం చేతికి వచ్చినప్పుడు మాత్రం ఆ దుంప ఏ దేశపు మట్టిలో పుట్టింది, ఆ ఆకు ఎవరు కోశారు, ఆ పేరు ఎవరు పెట్టారు అని మనవలకు చెప్పండి. వారు వేయించుకున్న ముద్రలకు అప్పుడే అర్థం ఏర్పడుతుంది.