బ్రేకు లేని సైకిలుకు తొలిరోజు

ఢిల్లీకి సైకిల్ ట్రాకు వచ్చిందంటే ఏదో ఒక క్రీడోత్సవం వెంటే వచ్చింది. 1982 ఏషియాడ్ నాడు ఆరుబయట యమునా వెలోడ్రోమ్ వెలసింది. 2010 కామన్‌వెల్త్ క్రీడలకు ఇందిరా గాంధీ స్టేడియం ప్రాంగణంలో, పైకప్పు కింద, 250 మీటర్ల చెక్క ట్రాకు వేశారు. సొంతగడ్డ మీద జరిగిన ఆ క్రీడల్లో భారత్‌కు 101 పతకాలు దక్కాయి. సైక్లింగ్‌లో మాత్రం ఒక్కటీ రాలేదు. ఇంత ఖరీదైన ట్రాకు ఉండీ ఫలితం ఎందుకు లేదని అడిగేవాళ్లు సాధారణంగా ఆటగాళ్ల సత్తాను శంకిస్తారు. నా దృష్టిలో లోపం ఇంకా వెనక ఉంది. ఆ ఏడాదే సిద్ధమైన ట్రాకు ఆ ఏడాదే పతకాలు ఇవ్వదు. చెక్క మీద తొలిసారి తొక్కబోయేవాడి కన్నా ముందు సిద్ధపడవలసింది అతణ్ణి పిలిచే సంస్థ.

ఆ తొలిరోజు ఏం అడుగుతుందో చూస్తే ఈ మాట బోధపడుతుంది. ట్రాకు సైకిలుకు బ్రేకులుండవు, గేర్లు మార్చే వీలుండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. కాళ్లు ఆపితే సైకిలే మనిషిని ఎత్తి విసురుతుంది. వేగం తగ్గాలంటే పెడళ్లను కాళ్లతో మెల్లగా అదిమిపట్టాలి, లేదా వాలు పైకి ఎక్కాలి. 250 మీటర్ల ట్రాకులో మలుపుల వాలు 40 డిగ్రీలు దాటుతుంది. వేగం గంటకు 30 కిలోమీటర్ల కన్నా బాగా తగ్గితే టైరు పట్టు తప్పి కిందికి జారవచ్చు. అందుకే కొత్తవాళ్లను ముందు లోపలి అంచున ఉన్న నీలిపట్టీ మీద తిప్పుతారు. వేగం కుదిరాక నల్లగీతకు, ఆపైన ఎర్రగీతకు పంపుతారు. పైకి జరిగే ముందు కుడిభుజం మీదుగా వెనక్కి చూడడం నేర్పుతారు. ఢిల్లీ రోడ్డు నేర్పే మొదటి పాఠం బ్రేకు మీద వేళ్లుంచడం. ఇక్కడ దాన్నే మరవాలి. సైజుకు సరిపడే సైకిలు, పక్కన కోచ్, వారం వారం ట్రాకు మీద సమయం లేకుండా ఈ మరుపు అబ్బదు. ఇవేవీ కుర్రవాడు ఇంటినుంచి తెచ్చుకోగలిగేవి కావు.

తరువాతి ఏళ్లలో స్పోర్ట్స్ అథారిటీ, సైక్లింగ్ సమాఖ్య కలిసి అదే ప్రాంగణంలో జాతీయ అకాడమీ నడిపి ఈ లోటు పూడ్చాయి. దూరప్రాంతాల పిల్లలకు వసతి, సైకిలు, శిక్షణ ఒక్కచోటే దొరికాయి. అండమాన్ కుర్రవాడు ఎసో ఆల్బెన్ 2018 జూనియర్ ప్రపంచ పోటీల కైరిన్ రేసులో రజతం గెలిచాడు. మరుసటి ఏడు అతడూ, మణిపూర్‌కు చెందిన రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిసి టీమ్ స్ప్రింట్‌లో జూనియర్ ప్రపంచ స్వర్ణం సాధించారు. 2022లో ఇదే ఢిల్లీ ట్రాకు మీద జరిగిన ఆసియా సీనియర్ పోటీల స్ప్రింట్‌లో రొనాల్డోకు రజతం దక్కింది. 2010 నాటి చెక్కే ఇది. మారింది దాని చుట్టూ ఉన్న ఏర్పాటు.

ఏరి తెచ్చిన కొద్దిమంది పతకాల వల్ల ఢిల్లీ జనానికి ఒరిగిందేమిటని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే అది నా వాదనకు ఎదురు కాదు, దాని కొనసాగింపు. ఎంపికైన పిల్లలకు పనిచేసిన పద్ధతిని ఘాజియాబాద్, ఫరీదాబాద్ బడిపిల్లల దాకా తీసుకెళ్లాలనే కదా దానర్థం! రోడ్డు మీద తొక్కితే చాలదా అనేవాళ్లూ ఉన్నారు. రోడ్డు దమ్మునిస్తుంది. కానీ గాలి, ట్రాఫిక్, గుంతలు లేనిచోట ఒకే గేరులో కాళ్లు సమంగా ఆడించే నేర్పును అది ఇవ్వదు. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణంలో కట్టిన వెలోడ్రోమ్‌కూ, ట్రాకు చుట్టూ ఏర్పాటు ఉందా అన్న ఇదే కొలత వర్తిస్తుంది. ప్రారంభోత్సవానికి ఎంత ఖర్చయిందన్నది ఒకసారి అడిగి వదిలేసే ప్రశ్న. ఏటా ఎంతమంది కొత్తవాళ్లు కోచ్ కళ్లెదుట తొలి చుట్టు తిరిగారన్నది మాత్రం ప్రతి ఏడూ అడగవలసింది.