8-హైడ్రాక్సీక్వినోలిన్

8-హైడ్రాక్సీక్వినోలిన్ రెండు వలయాలు అతుక్కుని ఉన్న హెటిరోసైక్లిక్ సమ్మేళనం. ఒక వలయంలో నైట్రోజన్ పరమాణువు, రెండో వలయంలో సరిగ్గా దాని పక్కనే హైడ్రాక్సిల్ సమూహం ఉంటాయి. ప్రయోగశాలల్లో దీన్ని 'ఆక్సీన్' అంటారు. దీని రసాయన స్వభావంలోని విశేషమంతా ఈ ఇరుగుపొరుగు వల్లనే.

ఆక్సీన్ నీటిలో దాదాపు కరగదు. ఆమ్లం పోస్తే నైట్రోజన్ ప్రోటాన్‌ను తీసుకుంటుంది, క్షారం పోస్తే హైడ్రాక్సిల్ ప్రోటాన్‌ను వదులుతుంది. అందుకే రెండింటిలోనూ కరుగుతుంది.

లోహ అయాన్ తగిలినప్పుడు మాత్రం రెండూ కలిసి పనిచేస్తాయి. ప్రోటాన్ వదిలిన ఆక్సిజన్ ఒకవైపు, ఒంటరి ఎలక్ట్రాన్ జంటతో నైట్రోజన్ మరోవైపు లోహాన్ని పట్టుకోగా, ఐదు పరమాణువుల వలయం ఏర్పడుతుంది. అదే కీలేట్. పీత పట్టును గుర్తుచేసే గ్రీకు మాట నుంచి వచ్చిన పేరిది. హైడ్రాక్సిల్ 3వ స్థానంలో ఉండే సోదర సమ్మేళనానికి ఈ పట్టు దొరకదు. అక్కడ ఆక్సిజన్, నైట్రోజన్ ఒకే లోహాన్ని అందుకోలేవు.

మెగ్నీషియం చుట్టూ రెండు ఆక్సీన్ అణువులు చేరితే, అల్యూమినియం చుట్టూ మూడు చేరతాయి. అల్యూమినియం ఎసిటేట్ బఫర్‌లో, సుమారు 5 పీహెచ్ వద్దే అవక్షేపంగా దిగుతుంది. మెగ్నీషియానికి అమ్మోనియా కలిపిన క్షార ద్రావణం కావాలి. ఈ తేడాతోనే విశ్లేషకులు ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేస్తారు. 1 మిల్లీగ్రాము అల్యూమినియం సుమారు 17 మిల్లీగ్రాముల అవక్షేపాన్ని ఇస్తుంది కనుక కొద్దిపాటి లోహాన్ని కూడా నమ్మకంగా తూచవచ్చు. నైట్రోజన్ పక్కన, 2వ స్థానంలో ఒక మిథైల్ సమూహాన్ని చేర్చి చూస్తే అల్యూమినియం అవక్షేపించదు. చిన్న అయాన్ చుట్టూ మూడు అణువులకు చోటు చాలదు. జింక్, మెగ్నీషియం మాత్రం ఎప్పటిలాగే దిగుతాయి.

హైడ్రాక్సిల్ తానున్న వలయంలోని 5, 7 స్థానాలకు ఎలక్ట్రాన్లను అందిస్తుంది. అందువల్ల బ్రోమిన్ ఉత్ప్రేరకం లేకుండానే ఆ రెండు చోట్లా చేరిపోతుంది. ఒక్కో ఆక్సీన్‌కు రెండు బ్రోమిన్ అణువులు ఖర్చవుతాయి. ఈ లెక్క ఆధారంగా అవక్షేపాన్ని ఆమ్లంలో కరిగించి, అంశమాపనంతోనూ లోహాన్ని అంచనా వేస్తారు.

అవే స్థానాల్లో క్లోరిన్, అయొడిన్ చేరితే వచ్చేది క్లియోక్వినాల్. విరేచనాలకు వాడిన ఈ మందు జపాన్‌లో వేలమంది నరాలను దెబ్బతీయడంతో 1970లో అక్కడ దాని అమ్మకాలను ఆపేశారు.

ఆక్సీన్ తనంతట తానుగా దాదాపు మెరవదు. అల్యూమినియంతో కలిస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. 1987లో కొడాక్ శాస్త్రవేత్తలు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఈ కీలేట్‌ను పలుచని పొరగా పరిచి, 10 వోల్టుల లోపే వెలిగే సేంద్రియ డయోడ్‌ను ప్రకటించారు.