మెదడులో రక్తస్రావము – ఆయువును అంచనా కట్టిన చరిత్ర

1868వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన పారిస్ నగరమున లూయీ పాస్టర్ పండితునకు ఎడమ ప్రక్క తిమ్మిరెక్కి, ఒక రాత్రి గడచులోపల ఆ కాలును చేయియు చచ్చుబడిపోయెను. అప్పటి కాయన వయస్సు 45 సంవత్సరములు. మెదడులో రక్తస్రావమైనదని వైద్యులు నిర్ణయించిరి. చెవుల వెనుక జలగలు పట్టించి రక్తమును తీయించుట కంటె వారు చేయగలిగినది లేకపోయెను. పాస్టర్ కొరకు అప్పుడే కట్టుచున్న ప్రయోగశాల పని ఆగిపోయెను. రోగి దక్కడని అధికారులు తలచిరి కాబోలు. ఆ సంగతి విని పాస్టర్ ఎంతయో నొచ్చుకొనెను. చివరకు మూడవ నెపోలియన్ చక్రవర్తి ఉత్తరువుతో గోడలు తిరిగి లేచినవి. రోగియు లేచెను. ఎడమ ప్రక్క బలహీనత జీవితాంతము వదలకపోయినను, ఆయన మరి 27 సంవత్సరములు జీవించెను. పిచ్చికుక్క కాటునకు టీకా వేసి ఒక బాలుని కాపాడిన 1885వ సంవత్సరము ఈ రెండవ ఆయువులోనిదే.

ఇట్టివానిని చూచి మనవారు "ఇంకను భూమి మీద నూకలున్నవి" అందురు. ఆ నూకలెన్నియో ముందుగా చెప్పగల వారున్నారా? మెదడులో నెత్తురు చిమ్మినదని విన్న ప్రతి యింటిలోను పుట్టు ప్రశ్నలు రెండు: మనిషి బ్రతుకునా? బ్రతికినచో మునుపటివలె నుండునా? ఈ రెండు ప్రశ్నలకు వైద్యశాస్త్రము ఎట్లు సమాధానము వెదకినదో, ఎచ్చట తడబడినదో మనమిప్పుడు విచారింతము.

అకస్మాత్తుగా నేల కూలువారిలో కొందరి మెదడున రక్తము గడ్డకట్టి యుండుటను శవపరీక్షలో చూచి 1658లో గ్రంథస్థము చేసినవాడు స్విట్జర్లాండు వైద్యుడు వెప్ఫర్. ఈ రక్తస్రావములో ముఖ్యముగా రెండు తెగలు కలవు. రక్తపు పోటు ఏండ్ల తరబడి హెచ్చుగా నుండి, మెదడు లోపలి సన్నని నాళములు శిథిలమై పగులుట మొదటిది. మెదడు అడుగున నున్న ధమని గోడ ఒకచోట పలుచబడి బుడగవలె ఉబ్బి, ఒకనాడు పగులుట రెండవది. ఈ భేదము తెలియనిదే రోగి భవిష్యత్తును గూర్చి ఏమియు చెప్పరాదు.

మొదటి తెగకు అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు కథయే తార్కాణము. 1944 మార్చిలో పరీక్షించినప్పుడు ఆయన రక్తపు పోటు 186/108. దానిని నిలకడగా దించు మందులు నాటి వైద్యుల చేతిలో లేవు. 1945 ఏప్రిల్ 12వ తేదీన, చిత్రపటము కొరకు కూర్చున్న వేళ, తల వెనుక దుర్భరమైన నొప్పి యని చెప్పి ఆయన ఒరిగిపోయెను. అప్పటి పోటు 300/190. కొన్ని గంటలలోనే 63వ యేట ఆయన మరణించెను. ఒక దేశాధినేతకే ఆనాడు దక్కని మందు నేడు మన ఊరి మందుల అంగడిలో దొరకుచున్నది.

రెండవ తెగ విషయమున శస్త్రవైద్యులు ముందడుగు వేసిరి. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్, ఎక్స్‌రేకు అడ్డుపడు ద్రవమును ధమనిలోని కెక్కించి, బ్రతికియున్న మనిషి మెదడులోని నాళములను ఫోటోలో చూపెను. 1931 ఏప్రిల్ 22వ తేదీన ఎడింబరోలో నార్మన్ డాట్, పలుమారులు రక్తస్రావమైన 53 సంవత్సరముల న్యాయవాది కపాలమును తెరచెను. బుడగను సమీపించుచుండగా అది పగిలి రక్తము ఉబికివచ్చెను. డాట్ రోగి కాలినుండి తీసిన కండతునుకను ఆ చోట అదిమి 12 నిమిషములు పట్టియుంచెను. రక్తము నిలిచెను. ఆ న్యాయవాది కోలుకొని 11 సంవత్సరములు జీవించి, తుదకు గుండెజబ్బుతో మరణించెను. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ బుడగ మెడకు వెండి క్లిప్పును బిగించి, బుడగలోనికి రక్తము పోకుండ చేసెను. నేటి పద్ధతికి మూలమదియే.

మన దేశమున 1949లో వెల్లూరులో జేకబ్ చాండీయు, 1950లో మదరాసులో రామమూర్తియు మెదడు శస్త్రచికిత్సకు పునాది వేసిరి. అప్పటికి ఆంధ్ర జిల్లాలు మదరాసు రాష్ట్రములోనివే.

1967లో జ్యూరిక్ నగరమున యాసర్గిల్ సూక్ష్మదర్శిని క్రింద మెదడు శస్త్రచికిత్స మొదలుపెట్టెను. 1971లో లండనులో తొలి సి.టి. స్కాన్ తీయబడినది, నెత్తురుగడ్డ ఎచ్చట నున్నదో కపాలము తెరువక కానవచ్చెను. పగిలిన బుడగ గలవారిలో తరువాతి దినములలో నాళములు ముడుచుకొని కలుగు నష్టమును నిమోడిపిన్ మందు తగ్గించునని 1989లో వెలువడిన బ్రిటిష్ పరీక్ష స్థిరపరచెను. 1990 ప్రాంతమున గుల్యెల్మీ అను వైద్యుడు తొడ ధమనినుండి సన్నని గొట్టమును పంపి, బుడగను ప్లాటినం తీగచుట్టతో నింపు మార్గము చూపెను.

క్లిప్పు మేలా, తీగచుట్ట మేలా? రెండింటికిని తగిన 2,143 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు 2002లో వెలువడెను. సంవత్సరాంతమున మరణించినవారును, పరాధీనులై మిగిలినవారును కలిసి తీగచుట్టవారిలో నూటికి 24, క్లిప్పువారిలో 31. ఆ పరీక్షలోని బ్రిటిష్ రోగులను పది సంవత్సరములు గమనింపగా మొదటివారిలో నూటికి 83, రెండవవారిలో 79 మంది సజీవులై యుండిరి. అనగా పగిలిన బుడగకు చికిత్స పొందగలిగినవారిలో హెచ్చుమంది దీర్ఘకాలము జీవింతురు. అయితే ఆసుపత్రి చేరకమునుపే కన్నుమూయువారు ఈ లెక్కలో లేరని మరువరాదు.

రక్తపు పోటువలని రక్తస్రావము కథ వేరు. గడ్డను తీసివేసిన రోగి బాగుపడునని తోచుట సహజము. కాని లోతున నున్న గడ్డను చేరుటకు మంచి మెదడును చీల్చుకొని పోవలెను. 1961లో మెకిసాక్ బృందము 180 మందిపై పరీక్షింపగా శస్త్రచికిత్సవలన మేలు కానరాలేదు. 2005లో 1,033 మందిపై జరిగిన పరీక్షలో మంచి ఫలితము శస్త్రచికిత్సకు నూటికి 26, మందులకు 24, ఇంచుమించు సమానమే. 2024లో మాత్రము, చిన్న రంధ్రముగుండా 24 గంటలలోపల గడ్డను తీసిన పద్ధతి మేలని 300 మంది పరీక్షలో తేలెను. ఆ మేలు మెదడు పైభాగపు గడ్డలకే ప్రధానముగా చెందెను. ఈ తెగ రోగులలో సుమారు నూటికి 40 మంది మొదటి నెలలోనే మరణింతురని 2010లో పలు దేశముల లెక్కలను కూర్చి చూపిరి.

బ్రతుకుట యన్నను నానావిధములు. 1975లో గ్లాస్గో నగరమున జెనెట్, బాండ్ అను వైద్యులు మెదడు దెబ్బల ఫలితమును అయిదు మెట్లుగా విభజించిరి: మరణము, స్పృహలేని బ్రతుకు, తీవ్ర వైకల్యము, మితమైన వైకల్యము, మంచి కోలుకోలు. రోగి ప్రాణముతో ఇల్లు చేరుటతోనే వైద్యుని లెక్క ముగియదని ఈ విభాగము తెలియజెప్పినది.

ఇక 2001లో ఒక చిక్కు బయటపడినది. వయస్సు, స్పృహ, గడ్డ పరిమాణము మొదలగువానిని బట్టి మార్కులు వేసి, నెలలోపల మరణించు అవకాశమును చెప్పు పద్ధతి ఆ సంవత్సరమే వచ్చెను. ఆ సంవత్సరమే మరికొందరు వైద్యులు ఒక హెచ్చరిక చేసిరి: బ్రతుకడని ముందే తలచి చికిత్సను విరమించినచో రోగి మరణించును, ఆ మరణమే అంచనా సరియైనదనుటకు సాక్ష్యమగును. పాస్టర్ ప్రయోగశాల గోడలను ఆపినవారి తొందర వంటిదే యిది. అందువలననే అమెరికా వైద్యుల మార్గదర్శకములు, రోగియో కుటుంబమో ముందే కోరియున్న సందర్భమున తప్ప, కనీసము రెండవ పూర్తి దినము వరకైనను చికిత్స తగ్గించు నిర్ణయములను వాయిదా వేయుమని చెప్పెను.

కనుక తొలి గంటలలో వైద్యుని "ఎన్నాళ్ళు?" అని నిలదీయుట కంటె, రక్తస్రావము ఏ తెగది, ఎచ్చట, ఎంత, స్పృహ ఎట్లున్నది అని యడుగుట మేలు. కోలుకొనుట వారముల పని కాదు, నెలల పని. మాటయు నడకయు తిరిగి నేర్పుటకు ఇంటివారి ఓర్పు కూడ చికిత్సలో భాగమే. దక్కినవారి ఆయువును పెంచునది రక్తపు పోటును అదుపులో నుంచుటయే. ఒకసారి పక్షవాతము వచ్చినవారు 6,105 మందిపై జరిగి 2001లో వెలువడిన పరీక్షలో, పోటును తగ్గించు మందులు మెదడు రక్తస్రావమును సగమునకు తగ్గించెను. బాగుగనే యున్నదని మాత్రలు మానివేయువారు మన ఇండ్లలో పెక్కుమంది కలరు. మునుపెన్నడు నెరుగనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా పుట్టినను, మూతి వంకరపోయినను, చేయి వ్రాలినను, తెల్లవారనిమ్మని ఆగక, స్కాన్ సౌకర్యము గల ఆసుపత్రికి రోగిని ఆ రాత్రియే చేర్పవలెను.