సికింద్రాబాదు లోకసభ నియోజకవర్గం

తెలంగాణలోని 17 లోకసభ నియోజకవర్గాలలో సికింద్రాబాదు ఒకటి. ముషీరాబాదు, అంబర్‌పేట, ఖైరతాబాదు, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, నాంపల్లి, సికింద్రాబాదు శాసనసభ నియోజకవర్గాలు దీని పరిధిలోకి వస్తాయి. సికింద్రాబాదు కంటోన్మెంటు మాత్రం మల్కాజ్‌గిరి లోకసభ స్థానంలో ఉంది.

ఎన్నికల చరిత్ర

1971లో ప్రత్యేక తెలంగాణ నినాదంతో తెలంగాణ ప్రజాసమితి ఈ స్థానాన్ని గెలుచుకుంది. ఆ తరువాత ఏ ప్రాంతీయ పార్టీ కూడా ఇక్కడ విజయం సాధించలేదు. 1984లో రాష్ట్రమంతటా తెలుగుదేశం ప్రభంజనం వీచినా మాజీ ముఖ్యమంత్రి టి.అంజయ్య కాంగ్రెస్ తరఫున నెగ్గాడు. 1986లో ఆయన మరణించగా, ఉప ఎన్నికలో భార్య మణెమ్మ ఎన్నికైంది. 1991లో ఆమెను ఓడించిన బండారు దత్తాత్రేయ, ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ నుంచి ఎన్నికైన ఏకైక భారతీయ జనతాపార్టీ సభ్యుడు. 1999, 2014లలో తెలుగుదేశంతో పొత్తు ఆ పార్టీకి కలిసివచ్చింది. తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా తెలంగాణ రాష్ట్ర సమితికి ఈ స్థానం దక్కలేదు. 2024లో జి.కిషన్ రెడ్డి కాంగ్రెస్ అభ్యర్థి దానం నాగేందర్‌ను ఓడించాడు.

ఎన్నికైన సభ్యులు

* 1957, 1962: అహ్మద్ మొహియుద్దీన్ (కాంగ్రెస్)
* 1967: బాకర్ అలీ మీర్జా (కాంగ్రెస్)
* 1971: ఎం.ఎం.హాషిం (తెలంగాణ ప్రజాసమితి)
* 1977: ఎం.ఎం.హాషిం (కాంగ్రెస్)
* 1979 (ఉప ఎన్నిక), 1980: పి.శివశంకర్ (కాంగ్రెస్-ఐ)
* 1984: టి.అంజయ్య (కాంగ్రెస్)
* 1987 (ఉప ఎన్నిక), 1989: టి.మణెమ్మ (కాంగ్రెస్)
* 1991: బండారు దత్తాత్రేయ (భాజపా)
* 1996: పి.వి.రాజేశ్వరరావు (కాంగ్రెస్)
* 1998, 1999: బండారు దత్తాత్రేయ (భాజపా)
* 2004, 2009: ఎం.అంజన్ కుమార్ యాదవ్ (కాంగ్రెస్)
* 2014: బండారు దత్తాత్రేయ (భాజపా)
* 2019, 2024: జి.కిషన్ రెడ్డి (భాజపా)