మహబూలా బాడుగ ఇళ్లు: కాగితంలో పేరెవరిది?

కువైట్‌లో ఉంటున్న తెలుగువారిని "మీ ఇల్లెక్కడండీ?" అని అడగండి. రెండు జవాబులు వస్తాయి. ఒకటి రాజంపేటో, రాయచోటో, భీమవరమో అయి ఉంటుంది. రెండోది మహబూలా, బ్లాకు నంబరుతో సహా. మొదటిది సొంత ఇల్లు, రెండోది బాడుగ ఇల్లు. సొంత ఇంటి గురించి మనవాళ్లు ఎంతసేపైనా చెబుతారు. ఏళ్ల తరబడి పడుకుని లేచిన బాడుగ ఇంటి పుట్టుపూర్వోత్తరాలు అడిగితే మాత్రం మాట మారుస్తారు. పండుగ పూట ఆ కథ కొంత చెప్పుకుందాం.

మహబూలా అన్న మాటకు ఇక్కడి వాడుక అరబ్బీలో 'పిచ్చిది' అని అర్థం. ఆ పేరెలా వచ్చిందన్నదానికి తలకొక కథ చెబుతారు గనుక దాని జోలికి పోను. రాజధానికి దక్షిణంగా, సముద్రపుటొడ్డున, ఫింతాస్‌కూ అబూ హలీఫాకూ నడుమ ఉన్న చోటిది. ఈ తీరం వెంట ఒకప్పుడు ఉన్నవి బావులు, ఖర్జూరపు చెట్లు, చేపల పడవలు గల చిన్న పల్లెలే. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. 1946 జూన్‌లో తొలి ఓడ చమురు నింపుకుని బయలుదేరింది. వెనకాల ఎడారిలో అహ్మదీ పట్టణం లేచింది. 1960లలో షుఐబా పారిశ్రామికవాడ వచ్చింది. పని దక్షిణానికి వచ్చింది కాబట్టి పనివాడూ దక్షిణానికే రావలసి వచ్చింది.

అయితే పనివాడు ఎక్కడ ఉండాలన్నది అతని ఇష్టం మీద జరిగింది కాదు. 1952లో బ్రిటిష్ నిపుణులు కువైట్ నగరానికి కొత్త ప్రణాళిక గీశారు. 1957లో ఊరి చుట్టూ ఉన్న పాత గోడను కూల్చారు. గోడ లోపలి ఇళ్లను ప్రభుత్వం మంచి ధరకు కొని, పౌరులకు బయట విశాలమైన పేటలు ఏర్పాటు చేసింది. కాలక్రమాన నివాసాలు రెండు రకాలయ్యాయి: పౌరులు సొంత ఇళ్లు కట్టుకునే 'సకన్ ఖాస్', అద్దెల కోసం అంతస్తులు లేపే 'సకన్ ఇస్తిస్మారీ'. ఈ రెండో మాటకు పెట్టుబడి నివాసం అని అర్థం. పెట్టుబడి ఎవరిదో, నివాసం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. 1979 నాటి 74వ నంబరు చట్టం వల్ల మనబోటి విదేశీయులకు ఇక్కడ ఇల్లు కొనుక్కునే దారి దాదాపు లేదు. దానికి ఏడాది ముందు వచ్చిన 35వ నంబరు అద్దె చట్టం మాత్రం అద్దెదారుకు కొంత అండ ఇచ్చింది. ఐదేళ్లు నిండకుండా యజమాని అద్దె పెంచకూడదు. ఈ అండ ఎవరికి? అగ్రిమెంటులో పేరున్నవాడికి.

పరాయి ఊళ్లో బాడుగకు ఉండటం మనవాళ్లకు కొత్త కాదు. బొంబాయి కట్టడానికి రాళ్లు మోసిన తెలుగు కమాఠీల పేరు మీదే అక్కడ కామాఠీపుర వెలిసింది. ఆ తర్వాత తెలంగాణ పద్మశాలీలు బట్టల మిల్లులకు చేరి, చాళ్లలో ఒక్కో గదిలో పదిమంది సర్దుకున్నారు. కానీ 1947 నాటి బొంబాయి అద్దె చట్టం కింద రసీదులో పేరున్నవాణ్ణి కదిలించడం కష్టమైంది. తండ్రి గదిలో కొడుకూ, మనవడూ ఉండగలిగారు. కువైట్‌లో ఇకామా ఉన్నంతకాలమే కాపురం. ఇక్కడ గదులు చేతులు మారుతూ పోయాయి గాని తరాలు నిలవలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు దిగాయి. ఆ తర్వాత సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశానికి చేర్చారు. బాడుగ గదుల్లోని మంచాలు, టీవీలు, పెట్టెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 1991 ఫిబ్రవరిలో విముక్తి తర్వాత ఈ దేశంలోని పాలస్తీనీయుల సంఖ్య లక్షల్లో తగ్గింది. కొత్తగా వచ్చిన పనివారిలో దక్షిణాసియా వారు ఎక్కువ, వారితో పాటే కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల మనవాళ్లూ. 1992లో 125వ నంబరు చట్టం వచ్చింది. పౌరుల నివాస పేటల్లో కుటుంబం లేనివారికి ఇల్లు అద్దెకివ్వరాదు. భార్యాబిడ్డలను ఊళ్లో వదిలి వచ్చిన నలభై ఏళ్ల మనిషి కూడా ఈ లెక్కలో బ్యాచిలరే! ఇంతమందికి ఎక్కడో ఒకచోట నీడ కావాలి కదా. 2003లో సద్దాం ప్రభుత్వం పడిపోయి భయం తీరాక, మహబూలా ఇసుక మీద అంతస్తులు వరసగా లేచాయి. 2008 నాటి 8, 9 నంబరు చట్టాలు కంపెనీలను పౌరుల ఇళ్ల స్థలాల వ్యాపారం నుంచి తప్పించాయి. డబ్బు అద్దె అపార్టుమెంట్ల వైపు మళ్లడానికి అదీ ఒక కారణమే.

ఇక నిర్వహణ సంగతి. భవనం ఆసామి కువైటీ. ఆయన మనకు కనిపించడు. చాలాచోట్ల భవనం మొత్తాన్ని ఇంతకని ఒక 'ముస్తస్మిర్' పట్టుకుంటాడు, మనవైపు మామిడితోట కాపు పాడుకున్నట్టు. అతనో, రియల్ ఎస్టేట్ ఆఫీసువారో ఫ్లాట్లు విడివిడిగా ఇస్తారు. కింద గదిలో హారిస్ ఉంటాడు. బాడుగ వసూలు, లిఫ్టు, నీళ్ల ట్యాంకు, ఏ ఫ్లాటు ఖాళీ కాబోతున్నదన్న కబురు, అన్నీ అతని చేతిలోనే. ఆ తర్వాతి మెట్టు మనవాళ్లది. జీతం కాస్త మెరుగ్గా ఉన్న ఒక అన్న తన పేరున ఫ్లాటు తీసుకుంటాడు. హాలుకు ప్లైవుడ్డు అడ్డం పెట్టి రెండు చేస్తాడు. ఒక గది ఒక కుటుంబానికి, తక్కినది బెడ్ స్పేసులకు. మాటవరసకు 220 దీనార్ల ఫ్లాటు అనుకుందాం. గదికి 90, ఐదు మంచాలకు ముప్పయ్యేసి చొప్పున 150, వెరసి 240. అన్నకు తన మూల ఊరికే వచ్చింది, పైన ఇంటర్నెట్టు ఖర్చూ గిట్టింది. దీన్ని వ్యాపారమంటే ఆయన ఒప్పుకోడు. "మనోళ్లకు సాయం" అంటాడు. రెండూ నిజమే. ఉద్యోగం పోయిన తమ్ముణ్ణి మూడు నెలలు బాడుగ అడగని అన్నలున్నారు, అడ్వాన్సులు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి ఫ్లాటు మార్చిన అన్నలూ ఉన్నారు. యజమాని అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకిస్తే ఖాళీ చేయించవచ్చని అదే 1978 చట్టం చెబుతోంది. కాబట్టి మంచం మీద పడుకున్నవాడికి కాగితమే లేదు, కాగితం ఉన్న అన్నకూ పూర్తి ధీమా లేదు.

1966 నుంచి కరెంటు యూనిట్ 2 ఫిల్సులుగా ఉండేది. 2016 నాటి 20వ నంబరు చట్టంతో అద్దె అపార్టుమెంట్లకు 5 ఫిల్సులు అయింది, పౌరుల సొంత ఇళ్లకు పాత ధరే. మన ఊరి కరెంటుతో పోలిస్తే ఇదీ చవకే. అసలు దెబ్బ వీసాల వైపు నుంచి వచ్చింది. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి కావలసిన కనీస జీతాన్ని 2016లో 250 దీనార్ల నుంచి 450కి, 2019లో 500కి, 2024 జనవరిలో 800కి పెంచారు. కుటుంబాలకు దారి ఇరుకైన కొద్దీ మంచాల సంఖ్య పెరిగింది.

2020 ఏప్రిల్ 6న కరోనా కారణంగా మహబూలాను, జిలీబ్ అల్ షుయూఖ్‌ను పూర్తిగా దిగ్బంధం చేశారు. జూలై దాకా అంతే. ఎందరికో పని లేదు, జీతం లేదు. ఒకటో తారీఖు మాత్రం ఆగలేదు. బాడుగ తగ్గించిన యజమానులున్నారు, మాఫీ చేసినవారూ ఉన్నారు. ఆ తగ్గింపు అగ్రిమెంటులో పేరున్న అన్నకు అందింది. అక్కణ్ణుంచి మంచం దాకా దిగిందా లేదా అన్నది ఆ అన్న మనసును బట్టి ఉంది.

2024 జూన్ 12 తెల్లవారుజామున, మనకు కొద్ది దూరంలోని మంగఫ్‌లో పనివారు ఉండే భవనం అంటుకుంది. యాభై మంది చనిపోయారు. వారిలో నలభైకి పైగా మన దేశంవారు, ఆంధ్రప్రదేశ్‌వారు ముగ్గురు. గదుల మధ్య అడ్డంగా వాడిన, తేలిగ్గా మండే సామగ్రి వల్ల మంట త్వరగా పాకిందని అగ్నిమాపక అధికారులు చెప్పారు. ఆ మాట విన్నాక తమ హాల్లోని ప్లైవుడ్డు వంక చూసుకోని అన్న ఉండడు. తనిఖీలు పెరిగాయి, పార్టిషన్లు ఊడాయి. ఆ ఏడాదే పౌర సమాచార సంస్థ, భవన యజమానులు 'మా ఇంట్లో లేరు' అని తెలిపినవారి చిరునామాలు రద్దు చేసి పేర్లు గెజిట్‌లో ప్రకటించడం మొదలైంది. ముప్పై రోజుల్లో కొత్త చిరునామా చూపకపోతే వంద దీనార్ల దాకా జరిమానా. చిరునామా చూపాలంటే అగ్రిమెంటు కావాలి. మంచానికి అగ్రిమెంటు ఎవరిస్తారు?

ఇన్ని తిప్పలు పడి మిగిల్చిన దీనార్లు ఊళ్లో స్థలంగా, ఇల్లుగా మారాయి. కింద తాము, పైన రెండు పోర్షన్లు బాడుగకు. అక్కడ మనవాడే ఆసామి. హారిస్ పని బావమరిది చూస్తాడు. ఏడాదికి మించిన కిరాయికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాలి గనుక, పదకొండు నెలలకు కాగితం రాసుకోవడం మామూలు. చాలామంది అదీ రాయరు. "మనోళ్లే కదా, కాగితమెందుకు" అంటారు. మహబూలాలో మంచం చూపించేటప్పుడు అన్న అనేదీ ఈ మాటే.